పది నెలల అడ్వాన్సు

సంపాదకులకు,


చెన్నపట్నములో అద్దె యిల్లు వెదకి వచ్చిన ఒక విశ్రాంత గుమాస్తా మొర యిది. తమ పత్రికలో చోటివ్వ ప్రార్థన.

నా రెండవ కుమారునకు అంబత్తూరులో ఉద్యోగమైనది. గడచిన వేసవిలో వానికి తోడుగా పోయి తొమ్మిది దినములు వీధులు తిరిగితిని. కడపట దొరికినది రెండు గదులు, ఒక వంటిల్లు. అద్దె నెలకు 14 వేలు. అడ్వాన్సు పది నెలలది, అనగా లక్షా 40 వేలు. దళారికి ఒక నెల అద్దె, మొదటి నెల అద్దె వేరు. సామాను దించక మునుపే లక్షా 68 వేలు కావలెను. వాని జీతము 32 వేలు! కోడలి గాజులు కుదువబెట్టి, నా గ్రాట్యుటీలో మిగిలినది బ్యాంకు నుండి తీసి యిచ్చితిమి. ఆ సొమ్మునకు వడ్డీ లేదు. ఖాళీ చేయునాడు రంగు వేయించుటకని ఒక నెల అద్దె పట్టుకొందుమని ముందుగానే చెప్పిరి.

తిరిగిన యిండ్లలో ఒకచోట మేము తెలుగున మాటలాడుకొనుట విని ఆ యింటి యామె “మీది ఏ వూరు?” అనెను. ధర్మపురి యంటిని. “అది కాదు, సొంత వూరు?” అనెను. నాలుగు తరములుగా ధర్మపురిలో నున్న వారము, ఇంక ఏ వూరు చెప్పవలెను? ఆ యిల్లు మాకు రాలేదు.

యజమానుల భయమును నేను కాదనను. మా వానికి యిల్లిచ్చినాయనయు నావలె పింఛనుదారే. అద్దె ఎగవేసిన వానిని లేపుటకు కోర్టుల చుట్టు ఏండ్ల తరబడి తిరిగితినని చెప్పినాడు. అయితే ఒకరు చేసిన తప్పునకు రాబోవువారందరు ముందుగా జుల్మానా కట్టవలెనా?

ఇక చట్టము సంగతి. 1960 నాటి మద్రాసు అద్దె నియంత్రణ చట్టము ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు కూడదన్నది. ఆంధ్రదేశపు 1960 చట్టములోను అట్టి నిబంధనే యుండెను. గూడూరులోని ఒక హోటలు తగాదా సుప్రీంకోర్టు దాక పోగా, అధికముగా పుచ్చుకొన్న అడ్వాన్సు యజమాని చేతిలో నుండగా బాడుగ బాకీయని అద్దెదారును వెళ్లగొట్టరాదని 1989లో తీర్పు వచ్చినది. ఆ మద్రాసు చట్టమును తీసివేసి తమిళనాడు ప్రభుత్వము 2017లో క్రొత్త చట్టము చేసి, 2019 ఫిబ్రవరి 22 నుండి అమలు జరిపినది. ఇందులో మూడు నెలల అద్దెకు మించి పుచ్చుకొనుట చట్టవిరుద్ధము. వినుటకు బాగున్నది. కాని ఆ సెక్షను మొదటనే “వేరు విధమైన ఒప్పందమున్న తప్ప” అను అర్థము వచ్చు మాటలున్నవి. నేను ఎస్.ఎస్.ఎల్.సి. చదువరినే గాని, ఫైళ్లలో ఇట్టి “తప్ప”లను వెదకుటతోనే నా ఉద్యోగము గడచినది. ఇంటికై అల్లాడువాడు ఏ ఒప్పందమున సంతకము చేయడు? మావాడును చేసినాడు. పత్రములో పది నెలలని స్పష్టముగా నున్నది. ఇప్పుడది మా యిష్టపూర్వకమైన ఒప్పందము!

కేంద్ర ప్రభుత్వము 2021 జూన్‌లో ఆమోదించిన మాదిరి అద్దె చట్టములో నివాసగృహములకు రెండు నెలలే హద్దు, అందు ఈ “తప్ప” లేదు. రాష్ట్రములు దానిని స్వీకరించుట వారి వారి చిత్తము. మా ధర్మపురి పిల్లలకు పట్నమనగా చెన్నై, కాదేని బెంగుళూరు. బెంగుళూరులోను పది నెలల వాడుక చిరకాలముగా వినుచున్నదే.

కావున తమిళనాడు ప్రభుత్వమువారు ఆ సెక్షను నుండి ఆ నాలుగు మాటలను కొట్టివేయవలెనని నా మనవి. అంతవరకు, చెన్నైలో యిండ్లు బాడుగకిచ్చు తెలుగు గృహస్థులు తమ పత్రికకు చందాదారులుగా పెక్కుమంది యుందురు గదా, వారైనను మూడు నెలలతో తృప్తిపడి, ఒప్పందమును అద్దె అధికారి వద్ద నమోదు చేయింపుడని కోరుచున్నాను. ఖాళీ చేసిన నెల లోపల అడ్వాన్సు తిరిగి యిచ్చివేయవలెనని కూడ ఆ చట్టములోనే యున్నది.

ఇట్లు,
విశ్రాంత గుమాస్తా,
ధర్మపురి.