నీరు నిలువని కుండ

మెక్సికో దేశమున వహాకా నగరమునకు దక్షిణముగా శాన్ బార్తొలో కొయొతెపెక్ అను కుమ్మరుల గ్రామము కలదు. అచ్చట ఇరుసుపై తిరుగు సారె సంప్రదాయము కాదు. ఒక పళ్లెమును బోర్లించి, దానిపై వేరొకటి వెల్లకిలనుంచి, చేతితో త్రిప్పుచు కుండను లేపుదురు. పూర్వమా కుండలు బూడిదవన్నెవి, గట్టివి. నీటికిని, మెస్కాల్ అను మద్యమునకును అవియే ఆధారము.

1950 ప్రాంతమున రోసా రెయాల్ అను కుమ్మరి స్త్రీ పచ్చికుండను స్ఫటికపు రాతితో మెరుగుపెట్టి, కొంచెము తక్కువ వేడిమిలో కాల్చి చూచెను. కుండ నల్లని అద్దమువలె నిగనిగలాడెను! యాత్రికులు విరగబడి కొనిరి. కాని ఆ మెరుపుకుండలో నీరు నిలువదు.

తప్పు కుమ్మరిది కాదని నా దృఢాభిప్రాయము. ప్లాస్టికు బిందెలు వచ్చిన పిదప నీటికై మట్టికుండను కొనువారెందరు? అలంకారమే ఆ యూరికి కూడు పెట్టినది. నగరపు అంగడిలో దానిని కొని, అనాదిసంప్రదాయమని మురియువారిని చూచినచో మాత్రము నాకు నవ్వు వచ్చును. (మన విద్యార్థుల వ్యాసములలోను ఈ మాట తరచు కనబడును.) మన్నుపని ప్రాచీనమే, మెరుపు నిన్నటిది. ఆ సంగతి అంగడివాడు చెప్పడు. ఆ యూరికే పోవలెను. పోయి, ధర నడుగుటకు ముందు, "మీ యవ్వ దీనిలో ఏమి పోసెడిది?" అని యడుగవలెను.

రోసా 1980లో గతించెను. ఆమె కుటుంబమువారు వచ్చినవారి యెదుటనే పళ్లెములు త్రిప్పి ఆ పనిని చూపుచున్నారు.