మే నెలలో వేయాల్సిన సూది

2010లో కేంద్ర ప్రభుత్వం ఫ్రాన్స్ కంపెనీ సనోఫీ దగ్గర స్వైన్‌ఫ్లూ టీకా 15 లక్షల డోసులు కొన్నది. డాక్టర్లకు, నర్సులకు, ల్యాబ్ సిబ్బందికి ఉచితంగా వేయాలని ఉద్దేశం. సీసాలు ఆసుపత్రులకు చేరేసరికి జబ్బు ఉధృతి తగ్గింది. వేయించుకోమంటే చాలామంది మొహం చాటేశారు. జబ్బు పోయాక టీకా దేనికన్నారు కొందరు, కొత్త మందు ఏం చేస్తుందోనని భయపడ్డారు మరికొందరు. ఐదేళ్లు తిరక్కుండానే, 2015 జనవరిలో, హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి స్వైన్‌ఫ్లూ రోగులతో నిండిపోయింది. వైద్యం చేసేవాళ్లలోనూ కొందరికి అంటుకుంది. ఆ రభసలోనే తెలంగాణ ఉప ముఖ్యమంత్రి, ఆరోగ్య మంత్రి తాటికొండ రాజయ్య పదవి ఊడింది. ఆ ఏడాది దేశం మొత్తం మీద 42 వేలకు పైగా కేసులు, మూడు వేలకు దగ్గరగా మరణాలు నమోదయ్యాయి.

ఈ కథ విన్నవాళ్లు వెంటనే అనే మాట ఒకటుంది: వైద్యం తెలిసినవాళ్లే టీకాకు వెనకాడితే మామూలు జనానికి ఏం చెబుతారు? తిట్టడానికి బాగానే ఉంటుంది. కానీ కృష్ణా డెల్టా దిగువన, బందరు నుంచి నాగాయలంక దాకా పనిచేసే సిబ్బంది విషయంలో ఈ తిట్టు అతకదు. వద్దనాలంటే ముందు ఎవరో ఒకరు ఇవ్వజూపాలి కదా. ఆసుపత్రుల్లో రోగులకు దగ్గరగా మెలిగే సిబ్బంది ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెబుతూనే ఉన్నాయి. జాతీయ టీకాల కార్యక్రమంలో మాత్రం ఆ టీకా లేదు. సలహా ఢిల్లీది, ఖర్చు సిబ్బందిది అన్నట్టుంది వ్యవహారం. బయట మందుల షాపులో కొనాలంటే ఒక్క డోసు పదిహేను వందలకు అటూ ఇటూ పలుకుతుంది. నెలకు పది వేల గౌరవ వేతనం మీద బతికే ఆశా కార్యకర్త అందులో ఏడో వంతు తీసి తనకు తాను సూది కొనుక్కుంటుందని ఎవరైనా అనుకుంటున్నారా? అదీ ఒకసారితో పోయేది కాదు, ఏటా.

పోనీ, ఇంతకూ టీకా అంత గొప్పదా? ఇక్కడ నిజం చెప్పడమే మంచిది. వైరస్ ఏటా రూపు మార్చుకుంటుంది కాబట్టి టీకానూ ఏటా మారుస్తారు. సరిగ్గా కుదిరిన ఏడాది డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినంత ఫ్లూ రాకుండా 40 నుంచి 60 శాతం వరకు కాపాడుతుంది. కుదరని ఏడాది అంతకంటే తక్కువే. సూది వేయించుకుంటేనే జ్వరం వచ్చిందనే మాట వార్డుల్లో తరచూ వినిపిస్తుంది. ఇంజెక్షన్‌లో ఉండేది చచ్చిన వైరస్. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, కాస్త ఒళ్లు వెచ్చబడటం ఉంటే ఉండవచ్చు గానీ దానివల్ల ఫ్లూ రాదు. పైగా రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. ఈలోగా పట్టిన పడిశాన్ని సూది ఖాతాలో వేయడం సహజం.

సిబ్బందికి టీకా వేస్తే రోగుల ప్రాణాలు నిలుస్తాయన్నది ఇంకో వాదన. దీనికి మూలం బ్రిటన్ పరిశోధనలు. గ్లాస్గోలో వృద్ధులు దీర్ఘకాలం ఉండే ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనం 2000లో లాన్సెట్‌లో వచ్చింది. సిబ్బందికి టీకా వేయజూపిన చోట మరణాలు 13.6 శాతం, లేనిచోట 22.4 శాతం అని తేల్చింది. చూడగానే కళ్లు చెదిరే తేడా. కెనడా పరిశోధకులు 2017లో ఈ కోవ అధ్యయనాలన్నింటినీ తిరగేసి, ఫ్లూ వల్ల పోయే ప్రాణాల కంటే టీకా కాపాడిందంటున్న ప్రాణాలే ఎక్కువ, ఈ లెక్క పొసగదన్నారు. అక్కడి ఒంటారియోలో టీకా వేసుకోని నర్సులు సీజన్ అంతా మాస్కు పెట్టుకోవాలన్న నిబంధనను 2015లో, 2018లో మధ్యవర్తులు కొట్టేశారు కూడా. అమెరికాలో సియాటిల్‌కు చెందిన వర్జీనియా మేసన్ ఆసుపత్రి మాత్రం 2005లోనే టీకా లేనిదే ఉద్యోగం లేదని చెప్పి 97 శాతం దాటించింది. మనకు ఆ దారి అక్కర్లేదు. ఇవ్వని టీకాను తప్పనిసరి చేయడం కంటే వెటకారం ఏముంటుంది?

నా వాదన ఇంకోచోట ఉంది. టీకా సిబ్బంది చెల్లించాల్సిన బాకీ కాదు, వాళ్లకు రావాల్సిన పనిముట్టు. గ్లవ్సు, మాస్కు ఎలాగో ఇదీ అలాగే. దివిసీమ లాంటి చోట దీని విలువ ఇంకా ఎక్కువ. నాగాయలంక మండలంలోని ఎదురుమొండి దీవికి ఏటిమొగ దగ్గర పంటు ఎక్కి కృష్ణ పాయ దాటాలి. నాచుగుంట, గొల్లమంద ఊళ్లు ఆ అవతలే. అలాంటి చోట ఏఎన్ఎం వారం రోజులు జ్వరంతో పడుకుంటే ఆమె పని చేయడానికి పక్కన ఇంకొకరు ఉండరు. గర్భిణుల పరీక్షలు, పిల్లల టీకాలు, బీపీ మాత్రలు అన్నీ ఆ వారం ఆగుతాయి. అది తెలిసే చాలామంది జ్వరంతోనే పనికి వస్తారు. ముక్కు కారుతూ, దగ్గుతూ పసిపిల్లను ఒళ్లో పెట్టుకుని బరువు తూస్తారు. సగం సమస్య సెలవుది. 2025 మార్చిలో ఆశాలకు ప్రసూతి సెలవు, గ్రాట్యుటీ ప్రకటించారు, సంతోషం. జ్వరం వస్తే జీతం కోతపడకుండా నాలుగు రోజులు ఇంట్లో ఉండే వీలు కూడా రావాలి. అది లేకుండా టీకా ఒక్కటే ఇస్తే సగం పనే.

ఎప్పుడు వేయాలన్నది మరో చిక్కు. అమెరికా, ఐరోపాల్లో అక్టోబరు వచ్చేసరికి టీకా ప్రచారం ఊపందుకుంటుంది, వాళ్లకు ఫ్లూ చలికాలపు జబ్బు కాబట్టి. ఆ క్యాలెండరు మనకు పనికిరాదు. దేశంలోని ల్యాబ్‌ల నెట్‌వర్క్ ఏళ్ల తరబడి సేకరించిన నమూనాలను బట్టి చూస్తే శ్రీనగర్‌లో ఫ్లూ జనవరి నుంచి మార్చి వరకు విజృంభిస్తుంది. ఎక్కువ నగరాల్లో వానాకాలంలో పెరుగుతుంది. చెన్నైలో అక్టోబరు, నవంబరుల్లో, ఈశాన్య రుతుపవనాలతో. కృష్ణా డెల్టాకు ఆ వానా, ఈ వానా రెండూ ఉన్నాయి. కాబట్టి సూది మే నెలలో పడాలి, నారుమళ్లు పోయకముందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ దక్షిణార్ధగోళం కోసం అంతకు ముందు సెప్టెంబరులో సూచించిన రకాలతో తయారైన టీకా ఆ సమయానికి సరిపోతుంది. 2015లో మాదిరిగా జనవరిలోనూ విరుచుకుపడవచ్చు, అప్పటికి మే నాటి సూది బలం తగ్గుతుంది. నిజమే. కానీ ఏడాదికి ఒకటే ఇవ్వగలిగినప్పుడు వానలకు ముందు ఇవ్వడమే మేలు.

సీజన్‌కు ముందే సిద్ధపడటం ఇక్కడి ఆసుపత్రులకు కొత్తేమీ కాదు. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగాయి. ఆగస్టు చివర్లో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో ప్రభుత్వమే సర్పశాంతి యాగం చేయించింది. యాగం సంగతి అలా ఉంచితే, నాట్ల సమయానికి అవనిగడ్డ ఆసుపత్రిలో పాముకాటు మందు నిల్వ ఉందా లేదా అని ఇక్కడ ఎవరైనా అడుగుతారు. అదే ప్రశ్న ఫ్లూ టీకా గురించి అడిగేవాళ్లు కనబడరు. ఫ్లూయే కదా, రెండు మాత్రలు వేసుకుంటే పోతుందని అందరి ధీమా.

ఆ ధీమాకు ఇప్పుడు కాలం కాదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి ప్రాంతాల్లోనూ, ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెంలోనూ కోళ్లకు బర్డ్‌ఫ్లూ సోకినట్టు తేలింది. మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల చిన్నారి అదే హెచ్5ఎన్1 వైరస్‌తో మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. గుడివాడ దాటితే కొల్లేరు, వలస పక్షులు, కోళ్ల ఫారాలు. మామూలు ఫ్లూ టీకా బర్డ్‌ఫ్లూను ఆపదు, అలా ఆపుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. కాకపోతే ఒకే మనిషిలో రెండు వైరస్‌లు కలిసి కొత్తదాన్ని పుట్టించే ప్రమాదాన్ని కొంత తగ్గిస్తుంది. బర్డ్‌ఫ్లూ రోగి వస్తే ముందుగా ముట్టుకునేది ఎవరో వేరే చెప్పాలా?

డబ్బు పెద్ద అడ్డంకి కాదు. వెయ్యి మందికి చిల్లర ధరకే కొన్నా పదిహేను లక్షలకు అటూ ఇటూ అవుతుంది. రాష్ట్ర వైద్య సేవల సంస్థ టెండరు పిలిచి టోకున కొంటే ఇంకా తగ్గుతుంది. అసలు చిక్కు ఎవరెవరికి వేయాలన్న జాబితా దగ్గర వస్తుంది. బందరులో 2023 సెప్టెంబరులో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఏటా 150 మందిని చేర్చుకుంటోంది. వాళ్లు సర్వజన ఆసుపత్రి వార్డుల్లో తిరుగుతారు గానీ ఉద్యోగులు కారు. గుడివాడ ఏరియా ఆసుపత్రిలో ఊడ్చేవాళ్లు, సెక్యూరిటీ వాళ్లు ఏజెన్సీ మనుషులు. 108 డ్రైవరు మరో సంస్థ కింద. రోగి మొహానికి జానెడు దూరంలో ఉండేది వీళ్లే, జీతాల రిజిస్టరులో కనబడనిదీ వీళ్లే. 2021 జనవరి 16న రాష్ట్రంలో కొవిడ్ టీకా మొదలైనప్పుడు విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో తొలి సూది ఒక పారిశుద్ధ్య కార్మికురాలికి వేశారు. కెమెరాల ముందు పాటించిన ఆ వరుసను కెమెరాలు లేనప్పుడూ పాటిస్తే చాలు. ఏజెన్సీ కాంట్రాక్టులో టీకా షరతు రాయాలి, ఖర్చు మాత్రం ఆసుపత్రి పెట్టుకోవాలి. లేదంటే అది మళ్లీ కార్మికుడి జీతంలోంచే పోతుంది.

ఇక పంపిణీ. సీసా 2 నుంచి 8 డిగ్రీల చలిలోనే ఉండాలి. బందరులో, గుడివాడలో టీకాలు దాచే ఐఎల్ఆర్ ఫ్రిజ్‌లు ఉంటాయి, వారం ఆలస్యమైనా ఫరవాలేదు. గాలివానకు పంటు ఆగిపోయే రోజులు మొదలైతే ఎదురుమొండికి ఐస్ బాక్సు చేర్చడం కష్టం. కాబట్టి మొదటి బాక్సు దివిసీమకు పంపి, పెద్దాసుపత్రి డాక్టర్లకు చివర్లో వేయాలి.