గడియారం మారే సరిహద్దు

వేసవిలో శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలు దాటేసరికి చికాగో నగరం ఖాళీ కావడం మొదలవుతుంది. కార్ల నెత్తిన సైకిళ్లు, వెనుక సీటులో తువ్వాళ్లు, ఐసు నింపిన పెట్టెలు, పిల్లల ఇసుక బొమ్మలు. ఈ కార్లన్నీ మిచిగాన్ సరస్సు దక్షిణపు కొనను చుట్టి, గేరీ పట్టణపు ఉక్కు కర్మాగారాల పక్కగా సాగి, ఉత్తరానికి మళ్లుతాయి. సరస్సు తూర్పు ఒడ్డున న్యూ బఫెలో, సెయింట్ జోసెఫ్, సౌత్ హేవెన్, సాగటక్, గ్రాండ్ హేవెన్ అని వరుసగా చిన్న చిన్న పట్టణాలు ఉన్నాయి. కొన్ని ఊళ్లకు ఒక దీపస్తంభం, ప్రతి ఊరికీ ఒక ఇసుకతీరం, రెండు మూడు ఐస్‌క్రీం దుకాణాలు. నేడు చికాగో, డెట్రాయిట్ పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా వేసవి సెలవులలో పులిహోర డబ్బాలతో ఈ ఒడ్డుకే చేరుతున్నాయి.

సరస్సు అనగానే కొల్లేరునో పులికాటునో తలచుకొనే వారికి దీని పరిమాణం ఊహకు అందదు. విస్తీర్ణం సుమారు 58 వేల చదరపు కిలోమీటర్లు; అంటే తెలంగాణ రాష్ట్రంలో సగానికి పైగా నీరే. లోతు కొన్ని చోట్ల 281 మీటర్లు. ఒడ్డున నిలబడితే ఆవలి గట్టు కనబడదు. అలలు వస్తాయి, ఆటుపోట్లు మాత్రం పేరుకే. నోట పడిన నీరు ఉప్పగా ఉండదు. మిచిగాన్ తీరం పడమటికి తిరిగి ఉన్నందున జూలై నెలలో సూర్యుడు రాత్రి తొమ్మిది గంటలు దాటిన తరువాత గాని నీటిలోకి దిగడు.

ఆ కార్ల వరుసలో, 2014 జూలై నెలలో, ఇద్దరు పురుషులు ప్రయాణిస్తున్న ఒక కారును పాఠకులు ఊహించుకోవచ్చును. ఒకరు బడిపంతులు, మరొకరు ఆసుపత్రిలో ఎక్స్‌రే సాంకేతికుడు. పద్దెనిమిదేళ్లుగా కలిసి ఉంటున్నవారు. అంతకు నెల రోజుల ముందే పెళ్లి చేసుకున్నారు. ఇలినాయ్ రాష్ట్రమంతటా 2014 జూన్ 1 నుండి స్వలింగ వివాహం చట్టసమ్మతమైనది. కారులో ఐసుపెట్టె ఉన్నది, పటం ఉన్నది, ముందు సీటు ఎదుట ఉండే చిన్న అరలో ఒక గోధుమరంగు కవరు కూడా ఉన్నది.

ఆ కవరులో ఉన్నవి వీలునామా ప్రతులు, వైద్య నిర్ణయాలకు ఒకరికొకరు ఇచ్చుకున్న అధికారపత్రాలు. సరదా ప్రయాణానికి వీలునామా వెంట తీసుకొని వెళ్లడం విడ్డూరంగా తోచవచ్చును. కాని ఆ రోజులలో అమెరికాలో ఇటువంటి జంటలు పలువురు రాష్ట్రం దాటేటప్పుడు ఆ పనే చేసేవారు. కారణం ఆ దారిలోనే ఉన్నది.

చికాగో నుండి సాగటక్ సుమారు 140 మైళ్లు, మూడు గంటలలోపు ప్రయాణం. ఆ మూడు గంటలలో మూడు రాష్ట్రాలు. ఇలినాయ్‌లో వారు దంపతులు. ఇండియానాలో 2014 జూన్ 25న ఒక ఫెడరల్ న్యాయమూర్తి వివాహ నిషేధాన్ని కొట్టివేశారు గాని రెండు రోజులకే పై కోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. మిచిగాన్‌లో అదే సంవత్సరం మార్చి 21న అటువంటి తీర్పే వెలువడింది. మరునాడు, శనివారం నాడు, సుమారు 300 జంటలు కౌంటీ కార్యాలయాల ముందు బారులు తీరి పెళ్లాడాయి; సాయంకాలానికి దానికీ నిలుపుదల వచ్చింది. కాబట్టి ఆ జూలైలో ఇలినాయ్ పొలిమేర దాటిన క్షణం నుండి ఈ ఇద్దరూ ఆ రాష్ట్రాల చట్టం దృష్టిలో కేవలం ఒకే కారులో కూర్చున్న ఇద్దరు మనుషులు. మిచిగాన్ సరిహద్దులో మరొక మార్పు కూడా జరుగుతుంది. అక్కడ గడియారం ఒక గంట ముందుకు పోతుంది. గడియారపు మార్పును తెలిపే బోర్డు దారి పక్కన ఉంటుంది. రెండవ మార్పుకు బోర్డు లేదు.

దారిలో ప్రమాదం జరిగితే ఆసుపత్రిలో ఎవరు ఎవరికి ఏమవుతారు? ఇది ఉత్త భయం కాదు. 2007 ఫిబ్రవరిలో వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన జానిస్ లాంగ్‌బెన్, లీసా పాండ్ అనే ఇద్దరు స్త్రీలు తమ పిల్లలతో ఓడ విహారానికని ఫ్లోరిడా చేరుకున్నారు. అక్కడ లీసా ఉన్నట్టుండి కుప్పకూలిపోయింది. అధికారపత్రం ఫ్యాక్స్ ద్వారా చేరినప్పటికీ తనను, పిల్లలను గంటల తరబడి ఆమె దరికి చేరనివ్వలేదని జానిస్ తరువాత దావా వేశారు. లీసా మరణించింది, దావాను న్యాయస్థానం కొట్టివేసింది. అయినను ఆ ఉదంతం దేశాధ్యక్షుని వరకు వెళ్లింది. 2010 ఏప్రిల్‌లో ఒబామా ఇచ్చిన ఆదేశం వలన, ప్రభుత్వ వైద్యబీమా సొమ్ము పుచ్చుకొనే ఆసుపత్రులు రోగి కోరిన మనిషిని చూడనివ్వవలసి వచ్చింది. చూడడం వేరు, శస్త్రచికిత్సకు సంతకం పెట్టడం వేరు. రెండవది రాష్ట్ర చట్టాల చేతిలోనే మిగిలిపోయింది. అందుకే ఆ కవరు.

ఆసుపత్రి ఎప్పుడో గాని రాదు. ప్రతి ఊరిలోనూ వచ్చేది విడిది గుమ్మం. బల్ల వెనుక ఉన్న మనిషి తలయెత్తి, “ఒక మంచమా, రెండు మంచాలా?” అని అడుగుతాడు. మిగిలిన యాత్రికులకు అది ప్రశ్నే కాదు. ఈ జంటకు మాత్రం, జవాబు చెప్పేలోగా, అడిగినవాని ముఖం ఒకసారి చదవవలసిన అవసరం ఉన్నది. 2023 మార్చి వరకు, స్వలింగ ప్రేమికులన్న కారణంతో గది నిరాకరించడాన్ని మిచిగాన్ పౌరహక్కుల శాసనం మాటల్లో నిషేధించలేదు.

ఏ గుమ్మం తెరుచుకొంటుందో ముందుగా తెలుసుకోవడానికే ఒక విధమైన పుస్తకాలు పుట్టినవి. న్యూయార్కు హార్లెంలో నివసించిన విక్టర్ గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 1936లో నల్లజాతి వాహనదారుల కొరకు ఒక మార్గదర్శిని ప్రచురించాడు. ఏ ఊరిలో భోజనం పెడతారు, ఏ ఇంట పడక దొరుకుతుంది అన్న వివరాలే అందులో ముఖ్యం. 1960ల నడుమ బాబ్ డామ్రన్ అనే శాన్‌ఫ్రాన్సిస్కో వాసి స్వలింగ ప్రేమికుల కొరకు జేబులో పట్టే చిరునామాల పుస్తకం వెలువరించాడు. ఈ రెండు పుస్తకాలకూ నడుమ ఏ సంబంధమూ లేదు గాని, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే అవసరం రెండు సార్లు అచ్చయినట్లు కనిపిస్తుంది.

ఈ సరస్సు ఒడ్డున ఆ అవసరపు ఆనవాళ్లు ఊరూరా ఉన్నాయి. దారిలో సౌత్ హేవెన్ వస్తుంది. ఎర్రని దీపస్తంభం, నీలి బెర్రీల తోటలు దాని ప్రసిద్ధి. ఇరవయ్యవ శతాబ్ది తొలి సగంలో అది యూదుల వేసవి విడిది. ఎన్నో చోట్ల యూదులకు గదులు ఇవ్వని ఆ రోజులలో వారు ఇక్కడి పొలాల ఇళ్లను విడిదులుగా మార్చుకొన్నారు. ఇంకా ఉత్తరాన, తీరానికి కొంత లోపలగా, ఒక చిన్న సరస్సు చుట్టూ ఐడిల్‌వైల్డ్ ఉన్నది. 1912లో నల్లజాతివారి కొరకు వెలసిన విహారస్థలం అది. డ్యూబోయ్ వంటి మేధావి అక్కడ స్థలం కొన్నాడు. హృదయ శస్త్రచికిత్సకు ఆద్యులలో ఒకడైన డాక్టర్ డేనియల్ హేల్ విలియమ్స్ ఇల్లు కట్టుకున్నాడు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. అన్ని విడిదుల తలుపులూ తెరుచుకున్నవి. ఐడిల్‌వైల్డ్ క్రమంగా బోసిపోయింది. మరెక్కడికీ పోలేనివారు కట్టుకున్న ఊరు, ఎక్కడికైనా పోగలిగిన రోజున ఖాళీ అయింది. ఆ ఊరి వృద్ధులకు ఈ విజయం కొంత చేదుగానే ఉండి ఉంటుంది.

సౌత్ హేవెన్ నుండి సాగటక్ వరకు రహదారిని వదలి బ్లూ స్టార్ అనే పాత బాట పట్టడం మేలు. తోటల మధ్య, పండ్ల అంగళ్ల మధ్య సాగే ఆ బాట చివర కలమజూ నది సరస్సులో కలుస్తుంది. నదికి ఒక పక్క సాగటక్, దాని పొరుగున డగ్లస్. సాగటక్ జనాభా వెయ్యికి లోపే. ఇంత చిన్న ఊరు స్వలింగ జంటలకు ఆటపట్టు ఎలా అయినదన్న ప్రశ్నకు జవాబు కొంతవరకు చిత్రకళలో దొరుకుతుంది. 1910లో చికాగో కళాసంస్థకు చెందినవారు ఇక్కడ నది వంపులో ఆక్స్‌బో అనే వేసవి చిత్రకళాశాల నెలకొల్పారు. అది నేటికీ నడుస్తున్నది. నగరం నుండి వచ్చిన చిత్రకారులకు గదులు అద్దెకిచ్చిన ఊరివారు, ఎవరి వెంట ఎవరు వచ్చారని ఆరా తీయకపోవడం అలవాటు చేసుకొన్నారు. ఔదార్యమా, అద్దె రాబడియా అన్న విచారణ అనవసరం. చాలా ఊళ్లలో రెండూ కలిసే ఉంటాయి. 1981లో డగ్లస్‌లో స్వలింగ ప్రేమికుల కొరకే ఒక పెద్ద విడిది ప్రారంభమైనది. అక్కడి బల్ల వద్ద మంచాల లెక్క అడిగినా ముఖం చదవనవసరం లేదు.

ఇక్కడ నదిని దాటించే బల్లకట్టు ఒకటి ఉన్నది. 1838 నుండి వస్తున్న ఏర్పాటు. మోటారు లేదు, ఒక మనిషి చేతితో చక్రం తిప్పుతుంటే నీటి అడుగున ఉన్న గొలుసు వెంట అది మెల్లగా కదులుతుంది. ఆవలి ఒడ్డున మౌంట్ బాల్డ్‌హెడ్ అనే ఇసుకకొండ, దానికి 300కు పైగా మెట్లు. మోకాళ్లను తిట్టుకుంటూ ఎక్కినవారికి పైన ఒకవైపు ఊరు, మరొకవైపు సరస్సు కనిపిస్తాయి. దిగువన ఓవల్ బీచ్.

ఆ ఇసుకలో, నది ముఖద్వారానికి చేరువగా, ఒక ఊరు పూడిపోయి ఉన్నది. దాని పేరు సింగపూర్. 1830లలో వెలసిన కలప పట్టణం. 1871 అక్టోబరులో చికాగో తగలబడినప్పుడు, నగరాన్ని మళ్లీ కట్టడానికి ఇక్కడి రంపపు మిల్లులు రాత్రింబవళ్లు పనిచేశాయి. చెట్లన్నీ నరికివేశారు. గాలికి అడ్డు తొలగింది. ఇసుకదిబ్బలు కదలి వచ్చి ఇళ్లను, మిల్లులను కప్పివేశాయి. 1875 నాటికే జనం ఊరు విడిచారు. నేడు తువ్వాళ్లు పరచుకొని పడుకొనేవారిలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

రాత్రి తొమ్మిదింటికి ఓవల్ బీచ్‌లో సూర్యాస్తమయం చూడడానికి జనం చేరుతారు. ముసలి దంపతులు, పిల్లల తల్లులు, కళాశాల కుర్రవాళ్లు, వారి నడుమ మన ఇద్దరు. సూర్యుడు మునిగేవేళ ఒకరి భుజంపై మరొకరు చేయి వేసుకుంటారు. ఎవరూ తిరిగి చూడరు. దానికోసమే 140 మైళ్లు వచ్చినది.

మిచిగాన్ తీర్పుకు కారణమైన జంట కథ కూడా దారి మీదనే మలుపు తిరిగింది. ఏప్రిల్ డిబోర్, జేన్ రౌజ్ ఇద్దరూ నర్సులు. దత్తత తీసుకున్న పిల్లలను కలిసి పెంచుతున్నవారు. అవివాహితులైనవారు కలిసి దత్తత తీసుకోవడానికి ఆ రాష్ట్రంలో వీలు లేనందున, ఒక్కొక్క బిడ్డకు చట్టరీత్యా ఒక్కరే తల్లి. 2011లో ఒక మంచు రాత్రి పిల్లలతో కారులో ఇంటికి వస్తుండగా, ఎదురుగా వచ్చిన వాహనం ఢీకొనడం తృటిలో తప్పింది. ఇద్దరిలో ఒకరు పోతే ఆమె బిడ్డలు ఎవరి పాలవుతారు? ఆ ప్రశ్నతో వారు న్యాయవాది వద్దకు వెళ్లారు. 2012 జనవరిలో వేసిన దావా దత్తత కొరకే. 2004లో మిచిగాన్ రాజ్యాంగంలో చేర్చిన వివాహ నిషేధాన్నే ప్రశ్నించవచ్చునని సూచించినవారు న్యాయమూర్తి బెర్నార్డ్ ఫ్రీడ్‌మన్. 2015 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు వివాహ హక్కును దేశమంతటికీ వర్తింపజేసిన తీర్పులో వీరి కేసు కూడా ఒకటి. ఆ ఆగస్టులో వారి పెళ్లి జరిపించినది ఫ్రీడ్‌మన్ గారే. 2004 నాటి నిషేధ వాక్యం మాత్రం నిర్వీర్యమై, చెరిపివేయబడక, ఆ రాష్ట్ర రాజ్యాంగంలో అలాగే ఉన్నది.

భారతదేశంలో 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో, సమ్మతిగల వయోజనుల స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది. పెళ్లి హక్కు కోరుతూ హైదరాబాదులో నివసించే సుప్రియో, అభయ్ డాంగ్ మొదలైనవారు వేసిన పిటిషన్లపై 2023 అక్టోబరు 17న అదే న్యాయస్థానం, వివాహం ప్రాథమిక హక్కు కాదని, చట్టం చేయవలసినది పార్లమెంటని చెప్పింది. కాబట్టి హైదరాబాదు నుండి అటువంటి జంట సూర్యలంకకు వెళ్లినా, గోవాకు వెళ్లినా, రాష్ట్రపు పొలిమేరలో మారేది ఏమీ లేదు. కవరు దారి పొడవునా అవసరమే.

ఆదివారం సాయంకాలం కార్లన్నీ వెనుకకు మళ్లుతాయి. కాళ్ల కింద ఇసుక, వెనుక సీటులో ఒక బుట్ట నీలి బెర్రీలు. మిచిగాన్ దాటగానే, పోయిన గంట తిరిగి వస్తుంది. 2014లో మన ఇద్దరికీ ఆ తరువాత ఇండియానాలో మరో 45 మైళ్లు మిగిలి ఉండేవి. నేడు ఆ సరిహద్దులో మారేది గడియారం ఒక్కటే. అయినా న్యాయవాదులు పలువురు ఆ పత్రాలు దగ్గర ఉంచుకోవడమే మంచిదని చెబుతున్నారు. కవరును అరలోనుండి తీయడం పంతులుకు కూడా ఎందుకో ఇష్టం లేదు. తిరిగి వచ్చిన గంట, చికాగో పొలిమేరలో సుంకపు వంతెన ముందు బారులో నిలబడడానికే సరిపోతుంది.