ఆ ‘మేము’లో ఆమె ఎక్కడ?

ఆఫీసు జీవితం మీద హాస్యనవల అనగానే మన విమర్శ దాన్ని కాలక్షేపం ఖాతాలో వేసి ఊరుకుంటుంది. ‘సీరియస్’ సాహిత్యానికి పెట్టే పరీక్షలేవీ దానికి పెట్టదు. ఎవరు నవ్వుతున్నారు, ఎవరిని చూసి నవ్వుతున్నారు అన్నది అధికారానికి సంబంధించిన ప్రశ్న. ఆ ప్రశ్న వేయకుండా హాస్యాన్ని మెచ్చుకోవడమంటే ఆ అధికారాన్ని మెచ్చుకోవడమే.

అమెరికన్ రచయిత జాషువా ఫెర్రిస్ తొలి నవల ‘దెన్ వుయ్ కేమ్ టు ది ఎండ్’ 2007లో వచ్చింది. ఆ ఏడాదే నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాలో నిలిచింది. 2008లో పెన్/హెమింగ్వే అవార్డు పొందింది. షికాగోలో ఒక ప్రకటనల కంపెనీ. డాట్‌కామ్ వైభవం ముగిసి ఉద్యోగాలు ఒక్కటొక్కటే ఊడిపోతుంటాయి. మిగిలినవాళ్లు తమ వంతు ఎప్పుడొస్తుందోనన్న భయాన్ని కబుర్లతో కప్పిపుచ్చుకుంటారు. ఈ కథ చెప్పేది ఏ ఒక్క పాత్రా కాదు. దాదాపు నవలంతా ‘వుయ్’ అనే ఉమ్మడి గొంతు. నవలకు దక్కిన మెచ్చుకోళ్లలో ఈ గొంతుదే పెద్ద వాటా.

ఆ గొంతును తెలుగులోకి తేవాలంటే మొదటి వాక్యంలోనే అనువాదకురాలికి చిక్కొచ్చి పడుతుంది. ఇంగ్లీషులో ఉన్నది ఒక్క మాట. మనకు రెండున్నాయి. ‘మనం’ అంటే వింటున్న మనిషి కూడా లోపలే ఉంది. ‘మేము’ అంటే ఆమె బయటే. ఇంగ్లీషు దాచిపెట్టగలిగిన దాన్ని మన భాష దాచనివ్వదు, ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. నేనైతే ‘మేము’ అనే పెడతాను. ఎందుకంటే ఆ గుంపు నిలబడిందే ఎవరో ఒకరిని బయట నిలబెట్టి మాట్లాడుకోవడం మీద.

బయట నిలబెట్టింది ఎవరిని? మగవాళ్లనీ నిలబెట్టారు, కాదనను. కానీ తేడా చూడండి. క్రిస్ యాప్ మీద నవ్వు ఒక కుర్చీ చుట్టూ తిరుగుతుంది. టామ్ మోటా ఉద్యోగం పోయాక విదూషకుడి వేషంలో, పెయింట్‌బాల్ తుపాకీతో ఆఫీసుకు తిరిగొస్తాడు. వాళ్లవి చేష్టలు. స్త్రీల దగ్గరికి వచ్చేసరికి ఊసంతా శరీరాల గురించే. ఆంబర్ తన గర్భాన్ని ఉంచుకుంటుందా, తీయించుకుంటుందా? బాస్ లిన్ మేసన్‌కు రొమ్ము క్యాన్సరట, నిజమేనా? ఇక జనీన్. కూతురు హత్యకు గురైన తల్లి. ఆమె మెక్‌డొనాల్డ్స్‌లో పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ బంతుల మధ్య కూర్చుంటుందని తెలిసి సహోద్యోగులు చూడటానికి వెళతారు. పరామర్శకు కాదు, చూడటానికి! గర్భం, రొమ్ము, కడుపుకోత. పురుషుడి హాస్యానికి చేష్టలు ముడిసరుకైతే, స్త్రీ ఒళ్లే ఆమె మీద హాస్యానికి ముడిసరుకు.

లిన్ పైఅధికారి కదా, ఉద్యోగాలు తీసేసే పక్షం మనిషి కదా, కిందివాళ్లు పైవాళ్లను చూసి నవ్వుకుంటే తప్పేమిటని అడగవచ్చు. తప్పు లేదు. ఆమె అధికారాన్ని చూసి నవ్వితే అది తిరుగుబాటు. ఆమె రొమ్ము గురించి చెవులు కొరుక్కోవడం ఏ తిరుగుబాటు? అధికారంలోకి ఎంత పైకెళ్లినా స్త్రీని మళ్లీ శరీరం దగ్గరికే దించవచ్చునన్న భరోసా అది.

రచయిత ఈ గుంపును సమర్థించడం లేదు, విమర్శిస్తున్నాడు అంటారు మరికొందరు. ఇందులో నిజముంది. రొమ్ము క్యాన్సర్ రోగిని నవ్వించే ప్రకటన తయారు చేయమని లిన్ తన బృందానికి పని అప్పగిస్తుంది. ఆమె రోగం గురించి అన్ని గుసగుసలాడినవాళ్లు ఆ రోగి నవ్వగలిగే మాట కోసం తంటాలు పడతారు. నవలలో అన్నిటికంటే పదునైన చోటు ఇదే. నడుమ ఒక అధ్యాయంలో ‘మేము’ పక్కకు తప్పుకుంటుంది. ఆపరేషన్‌కు ముందు రాత్రి లిన్ భయం, ఒంటరితనం ఆమె వైపు నుంచి చదువుతాం.

అయితే చివరికి తేలేదేమిటి? ఆ అధ్యాయం హాంక్ అనే సహోద్యోగి రాసిన పుస్తకంలోది. అంటే లిన్ అంతరంగం కూడా గుంపులోని ఒక మగవాడి ఊహే. ఆమె నోటి వెంట రాలేదు. అతను సభలో దాన్ని చదివి వినిపించేనాటికి ఆమె లేదు కూడా. మగవాడు స్త్రీ మనసు గురించి రాయకూడదని కాదు నా అభ్యంతరం. స్త్రీ బాధకు గొంతు దొరికింది కానీ, నవ్వేవాళ్ల మధ్య ఆమెకు చోటు దొరకలేదన్నదే అభ్యంతరం. జాలి చూపించారు గానీ ‘మేము’లోకి రానివ్వలేదు.

ఆ గుంపులో స్త్రీలూ ఉన్నారు కదా? ఉన్నారు. కారెన్, మార్షా లాంటివాళ్లు. వాళ్లు లోపల ఉండగలిగింది తోటి స్త్రీ గురించిన కబుర్లలో పాలు పంచుకోవడం వల్లనే. ఆఫీసుల్లో పనిచేసిన ఏ స్త్రీకైనా ఈ బేరం తెలుసు. నవ్వితే మనిషి ‘సరదా’, నవ్వకపోతే ‘ముభావం’. ఇంకోపక్క నవ్వే ఆడదాన్ని నమ్మరాదని సామెత ఎలాగూ సిద్ధంగా ఉంది!

ఇది షికాగో గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. మన వారపత్రికల కార్టూన్లలో ఆఫీసంటే ఏళ్ల తరబడి బాసు, స్టెనో! ఆమెకు టైపు రాదు, నడుముంటుంది. 1997 విశాఖ తీర్పు, ఆ తర్వాత 2013 చట్టం లైంగిక ధ్వని ఉన్న వ్యాఖ్యలను వేధింపుల కిందికి తెచ్చాయి. పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట అంతర్గత కమిటీ ఉండాలని చట్టం చెప్పింది. ‘ఏదో సరదాకన్నాం’ అన్నది జవాబు కాదని న్యాయవ్యవస్థ గుర్తించింది. సాహిత్య విమర్శే ఇంకా ‘హాస్యాన్ని హాస్యంగా తీసుకోవాలి’ అంటూ కూర్చుంది.

స్త్రీలకు హాస్యం రాదనేవాళ్లకు భానుమతీ రామకృష్ణ ‘అత్తగారి కథలు’, రంగనాయకమ్మ ‘స్వీట్ హోమ్’ చూపించవచ్చు. అయితే ఆ నవ్వు పుట్టింది ఇంట్లో. ఇంట్లో నవ్వితే ఇల్లు నవ్వుతుంది, ఆఫీసులో నవ్వితే ఉద్యోగం కదులుతుంది. అందుకే ఆఫీసు గురించి రాసేటప్పుడు మన రచయిత్రుల కలం ఎక్కువగా వేదన వైపే మొగ్గింది. ఆ వేదన నిజం. కానీ హాస్యాన్ని అవతలివాళ్లకు అప్పగించి మనం ఫిర్యాదు మాత్రమే ఉంచుకుంటే, బాధితురాలి కుర్చీ తప్ప ఆఫీసులో మరో కుర్చీ మనకు మిగలదు.

అప్రైజల్ పేరుతో జరిగే తంతు, మహిళా దినోత్సవం నాడు గులాబీ ఇచ్చి మర్నాడు ప్రమోషన్ ఆపే పెద్దమనుషులు, కమిటీ ఉందని గోడకు నోటీసు అంటించి సభ్యులెవరో చెప్పని కార్యాలయాలు... నవ్వడానికి సరుకు తక్కువా? లిన్ మేసన్ గురించి వాళ్లు రాశారు. ఆ గుంపును లిన్ ఎలా చూసిందో, చూసి ఎంత నవ్వుకుందో ఆమె రాయాల్సిన నవల మిగిలే ఉంది. అందులో ‘మేము’ ఉండదు. మొదటి వాక్యం నుంచీ ‘మనం’ అనే ఉంటుంది.