పాత కారు - కొత్త విద్య

యంత్రవిద్య అనగానే మనకు మహానగరాలు, పెద్ద కర్మాగారాలు స్ఫురిస్తాయి. కాని అనంతపురం వంటి కరవు సీమలో ఆ విద్యను ఇంతకాలం నిలబెట్టినవి రోడ్డు పక్కనున్న మెకానిక్ షెడ్లు. అక్కడ ఉస్తాద్ చెవితోనే ఇంజన్ నాడి పట్టుకుంటాడు. షాగిర్ద్ ఆయన చేతిని చూచి నేర్చుకుంటాడు. వానలు మొగం చాటేసిన ఏడు కూడా ఈ విద్య కూడు పెట్టింది. నేడది ఒక మలుపులో నిలిచి ఉన్నది.

కార్బ్యురేటర్ కార్ల కాలం గడచిపోయింది. 2019లో పెనుకొండ దగ్గర కియా కర్మాగారమే వెలసింది. నేటి కార్లన్నింటిలోను ఇంధనాన్ని కొలిచేది కంప్యూటరే. అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయినా, పాత కార్లను ప్రాణప్రదంగా కాపాడుకొనేవారు ఇంకా ఉన్నారు. అట్టి కారుకు కార్బ్యురేటర్ తీసి ఎలక్ట్రానిక్ ఫ్యూయెల్ ఇంజెక్షన్ అమర్చడం వృథా వ్యామోహమని కొందరి ఆక్షేపణ. మూలరూపాన్ని కోరేవారి విషయంలో అది సమంజసమే. 2021 నాటి కేంద్ర నిబంధనలు 50 ఏండ్లు దాటి, మూలరూపం చెడని వాహనాలనే వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తాయి. మార్పులు చేయించదలచినవారు రవాణాశాఖను ముందుగా సంప్రదించడం విధి. నిత్యం తిరిగే బండికి మాత్రం ఈ మార్పు మేలే.

అందుకు కారణం మన నేలలోనే ఉన్నది. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున, బెంగుళూరు సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అక్కడికి చేరేసరికి గాలి సాంద్రత 5, 6 శాతం తగ్గుతుంది. కార్బ్యురేటర్‌కు ఈ సంగతి తెలియదు. గాలికి మించి పెట్రోలు పోస్తుంది. ఇంజెక్షన్ పద్ధతిలో పీడనాన్ని, ఉష్ణోగ్రతను సెన్సార్లు కనిపెట్టగా, ఇంజెక్టర్ ఎంతసేపు తెరచి ఉండాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఇథనాల్ మరొక కారణం. ఒక కిలో శుద్ధ పెట్రోలు మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసినప్పుడు సుమారు 13.5 కిలోలు చాలు. అనగా అదే గాలికి ఇంధనం ఎక్కువ కావాలి. పాత జెట్టుతో మిక్చర్ పలుచబడుతుంది.

అయితే పెట్టె కొని బిగించినంత మాత్రాన పని పూర్తి కాదు. వేరొక ఊరిలో, వేరొక ఇంజన్‌కు తయారైన లెక్కల పట్టిక మన బండికి సరిపోదు. మొదట టాపెట్లు, కంప్రెషన్, ఇగ్నిషన్ టైమింగ్ సరిచూడాలి. గ్యాస్కెట్ల వద్ద గాలి లీకులు అరికట్టాలి. ఇంజన్‌లోని లోపాన్ని కంప్యూటర్ లెక్కతో కప్పిపుచ్చరాదు. ఇంజెక్టర్లకు సుమారు 3 బార్ల పీడనం కావాలి గనుక పాత పంపు, పాత రబ్బరు గొట్టాలు పనికిరావు. తరువాత ఆక్సిజన్ మీటరు చూస్తూ ఐడిలింగ్, సమవేగం, పూర్తి బరువు - ఒక్కొక్క స్థితిలో పట్టికను దిద్దాలి. ఎత్తు ఎక్కేటప్పుడు మిక్చర్ కొంత చిక్కగా ఉండాలి. గాలి సెన్సార్‌ను కాగిన ఇంజన్‌కు చేరువగా బిగిస్తే, మే నెల ఎండలో బండి ఆపి మళ్లీ తీసినప్పుడు అది తప్పు వేడిని చూపుతుంది. కంప్యూటర్ పెట్రోలు తగ్గించగా ఇంజన్ తడబడుతుంది. ఈ ఎండలో, ఈ దారిలో పరీక్షించనిదే ఇటువంటి లోపాలు బయటపడవు.

కాబట్టి ఈ పనికి ఉస్తాద్ చెవి, మీటరు అంకె రెండూ అవసరమే. చెవి ఉన్నవారికి అంకె అందడం లేదు. కారణం, ఆ పాఠాలు చాలావరకు ఆంగ్లంలో ఉండడమే. షెడ్డులోని షాగిర్ద్ ఉర్దూ గాని తెలుగు గాని చదువగలడు. తెలివి ఉండి కూడా భాష చాలక అతడు వెనుకబడడం న్యాయమా?

ఈ లోటు తీర్చగల స్థానం రెండు భాషల మన కళాశాలదే. ఒక పాత ఇంజన్, ఒక ఆక్సిజన్ మీటరు, ఒక ల్యాప్‌టాప్ సమకూర్చి, సెలవుల్లో తరగతులు నడపవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం. భౌతికశాస్త్ర విద్యార్థులు సూత్రం చెప్పాలి. ఉస్తాదులు చేయి చూపాలి. పాఠం ఉర్దూలోను తెలుగులోను వ్రాయబడాలి. మిత్రులారా, చేతిపనిని చిన్నచూపు చూడకండి. కరవు నేలలో పుట్టిన మనకు, వానతో నిమిత్తం లేకుండా ఫలించే పంట విద్య ఒక్కటే.