కేతిగాని నాలుక మొద్దుబారెనా?

తోలుబొమ్మలాటలో పూర్వపు పస లేదనియు, కేతిగాడు నవ్వించుట మానెననియు తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలో చదువుకొన్నవారు తఱచుగా ననుచున్నారు. న్యాయవాదవృత్తిలో నున్న మేము ఆరోపణ విన్నంతనే తీర్పు చెప్పువారము కాము. ముద్దాయిని బోనెక్కించుటకు ముందు నేర మెవరిదో విచారింపవలయును గదా!

వెండితెర పుట్టుటకు శతాబ్దములకు ముందే తెల్లని తెరపై బొమ్మలను కదలించి, మాటాడించి, నవ్వించిన జాతి మనది. కాకతీయుల కాలపు కవి పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున బొమ్మలాటలను పేర్కొనియున్నాడు. రామాయణ భారత కథల నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెరమీదికి దూకుదురు. రామరావణులు పద్యములలో మాటాడగా వీరు వీధిభాషలో మాటాడుదురు. కథ పురాణమేగాని హాస్యము నేటిది. ఏ యూర నాడిన ఆ యూరి పెద్దలను చమత్కరించుట కేతిగాని హక్కు. ఎంతటి మోతుబరియైనను జనుల నడుమ గూర్చుండి నవ్వవలసినదే. ఆ హాస్యమునకు వాడి అదియే.

ఆ వాడి నేడున్నదా? చాలవఱకు లేదనియే మేమును అంగీకరించుచున్నాము. కాని అది తనంతట తుప్పుపట్టలేదు, పనిగట్టుకొని అరగదీయబడినది. అరగదీసిన చేతులు మూడు.

మొదటిది ప్రభుత్వహస్తము. 1954లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన గీత నాటక విభాగము మొదలుకొని నేటివఱకు జానపదకళలను ప్రచారమునకు వాడుచునే యున్నారు. కుటుంబనియంత్రణమును, పరిశుభ్రతను బోధించుట మంచిదే. కళాకారునకు నాలుగు రూకలు దొరకుటయు మంచిదే. కాని అధికారిని పరిహసింపవలసిన వానిచేత అధికారి వ్రాసిన పాఠము నప్పగింపించిన నవ్వెక్కడినుండి వచ్చును?

రెండవది మర్యాదస్థుల హస్తము. తెల్లవార్లు ఆడవలసిన ఆటను సభలలో అరగంటకు కుదించితిమి. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినందుకు సంతోషించితిమి. కాని ఆటకు పిలుచువారు కఱవై ఆ గ్రామమున తోలుతో దీపపు గొడుగులు చేసి బ్రదుకుచున్నారని విచారింపమైతిమి. దీపము ముందు నిలిచి లోకమును నవ్వించిన బొమ్మ ధనికుల చావడిలో దీపమునకు ముసుగైనది!

మూడవది మన హస్తమే. కొంతకాలము క్రిందట మేము సేవకులముగా పనిచేసిన యొక యుత్సవమున కేతిగాడు ఊరి మురుగుకాలువ మాట యెత్తెను. జనులు గొల్లుమనిరి. అంతలో పెద్దల వరుసనుండి తెరవెనుకకు ఒక చీటి పోయెను. అటుపై కేతిగాడు చేతులు కడుగుకొనుట నుపదేశించెను, జనులు లేచిపోయిరి. మఱునాడు హాస్యము చప్పగా నున్నదని విమర్శించినవారిలో ఆ చీటి పంపినవారే ముందుండిరి. మే మా చీటి నడ్డగింపలేదు. ఆ తప్పు మాది.

ఏ హాస్యమైనను దీర్ఘకాలము సాగిన చప్పబడక తప్పదని కొంద ఱందురు. అమెరికాలో 1989లో మొదలైన సింప్సన్స్ బొమ్మల ధారావాహికము ఇంకను సాగుచుండగా, దాని తొలినాటి పదును పోయెనని అభిమానులే వాదించుచుందురు. అది వ్రాసి పెట్టిన హాస్యము; వ్రాయువారు అలసిన అలయును. కేతిగానిది అప్పటికప్పు డల్లిన హాస్యము. ఊరు మాఱిన మాట మాఱును. అది యెండుటకు ముసలితనము కాదు, భయమే కారణము. తురుష్కదేశపు కరగోజ్ తోలుబొమ్మను జూడుడు. సుల్తానుల యధికారులను ఎగతాళి చేసి పేరొందిన ఆ బొమ్మ నోటిని 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున నిషేధములు మూసివేసినవి. మనకు నిషేధము కూడ నక్కఱలేదు. ఒక చీటి చాలును!

పాతహాస్యమంతయు బంగారమని మేమనము. బంగారక్కను తన్నుటయు, బీదవానిని కులముపేర వెక్కిరించుటయు ఏనాడును వాడి కాదు, మోటుదనము. విచిత్రమేమనగా, మన టెలివిజన్ హాస్యమున ఈ మోటుదనమే చాలవఱకు మిగిలినది. పెద్దలమీది చమత్కారము మాయమైనది. దిగువవానిపై విసరిన కత్తికి పదునుతో పనిలేదు. పైవానిపై విసరుటకే పదును కావలయును.

తెనాలి తన పేరును రామలింగనికిచ్చిన పట్టణము. రాయలవారి సభలోనే రాయలవారిని ఆటపట్టించినట్లు కథలు చెప్పుకొను రామలింగని పేరు మోయుచు, మన పెద్దలమీది పరిహాసమును సహింపలేమా? బాపట్ల స్త్రీపాత్రలకు ప్రాణము పోసిన స్థానం నరసింహారావుగారిని కన్న యూరు. రేపల్లె ప్రాంతమున ధూళిపూడిలో జన్మించిన మొదలి నాగభూషణశర్మగారు ఈ తోలుబొమ్మలాటపై గ్రంథమే వ్రాసిరి. ఈ మూడుపట్టణములకును కళ తెలియదనుటకు వీలులేదు.

కావున మా ప్రతిపాదన యిది. కోతలు ముగిసిన పిమ్మట ఏటేట ఈ మూడుపట్టణములలో ఒక్కొక్క రాత్రి పూర్తి యాట ఆడింపుడు. చందాలు మనమే వేసికొందము. సొమ్ము ముందుగానే చెల్లింతము. వేదికపై అధికారి వలదు, ఉపన్యాసము వలదు, తెరవెనుకకు చీటి యసలే వలదు. కాలువల పూడికను, రోడ్ల గుంతలను, ఎన్నికల పంపకములను కేతిగానికి విన్నవించి, తక్కినది వాని నాలుకకే వదలుదము. అప్పటికిని నవ్వురానిచో ముద్దాయి దోషియని ఒప్పుకొందుము.

ఆ రాత్రి మొదటిదెబ్బ ఎవరిపై పడవలయునని అడుగువారికి మా జవాబు సిద్ధము. వాయిదాలమీద వాయిదాలు కోరి కక్షిదారుల కాలమును మ్రింగు నల్లకోటు నొకదానిని మేమే తెచ్చి కేతిగానికి తొడిగించెదము. ముందువరుసలో గూర్చుండి నవ్వెదము. తక్కిన పెద్దలును మాప్రక్కన వచ్చి కూర్చుందురు గాక!