నకిలీ లైసెన్స్‌తో ఏడేళ్ల ముప్పు

హరిశ్చంద్రపురం, కోటబొమ్మాళి, టెక్కలి చుట్టుపక్కల ఇంటర్‌తో చదువు ఆపేసిన కుర్రాళ్లకు త్వరగా దొరికే పని డ్రైవింగే. గ్రానైట్ లారీ, పలాస జీడిపప్పు లోడు, కాదంటే విశాఖలోనో హైదరాబాద్‌లోనో క్యాబ్‌. మూలపేట పోర్టు పూర్తయితే భారీ వాహనాల పని ఇంకా పెరుగుతుందన్న ఆశ కూడా ఉంది. అందుకే ‘ఆఫీసుకు రానక్కర్లేదు, డబ్బులిస్తే కార్డు ఇంటికొచ్చేస్తుంది’ అనే ఏజెంటు మాట ఇక్కడ ఇంపుగా వినిపిస్తుంది. ఆ మాట నమ్మే ముందు ఒక చిన్న లెక్క చూడండి.

లైసెన్స్ లేకుండా బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 181వ సెక్షన్ ప్రకారం మూడు నెలల వరకు జైలు లేదా రూ.5 వేల జరిమానా, లేదా రెండూ. 2019 సెప్టెంబర్ 1 నుంచి ఈ మొత్తం అమల్లో ఉంది. చాలామంది చలానా కట్టి బయటపడతారు. అదే నకిలీ కార్డు చూపిస్తే సంగతి వేరు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు పత్రాన్ని ఫోర్జరీ చేస్తే 337వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. దాన్ని అసలైనదిగా వాడినవారికీ 340వ సెక్షన్ అదే శిక్ష వేస్తుంది. అంటే ఏ కార్డూ లేనివాడి కంటే దొంగ కార్డు ఉన్నవాడే పెద్ద చిక్కులో పడతాడు!

‘నాకేం తెలుసు, ఏజెంటే మోసం చేశాడు’ అంటారా? ఆ వాదనకు చట్టంలో చోటుంది. ఫోర్జరీ అని తెలిసో, అలా నమ్మడానికి కారణం ఉండో వాడితేనే నేరం. కానీ టెస్టుకు వెళ్లలేదు, ఫొటో దిగలేదు, అధికారి ముందు బండి నడపలేదు. అయినా కార్డు చేతికొచ్చింది. మీకు అనుమానం రాలేదంటే జడ్జిగారు నమ్మాలి కదా. లెర్నర్ లైసెన్స్ వరకు ఇప్పుడు ఆధార్‌తో ఇంట్లోంచే తీసుకోవచ్చు, నిజమే. పక్కా లైసెన్స్‌కు మాత్రం టెస్టు తప్పదు.

అసలు దెబ్బ ప్రమాదం జరిగినప్పుడు తగులుతుంది. 2004లో స్వరణ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, డ్రైవర్ లైసెన్స్ నకిలీదైనంత మాత్రాన బీమా కంపెనీ బాధితుడికి పరిహారం ఎగ్గొట్టలేదు. ముందు చెల్లించాలి. యజమాని తప్పుందని రుజువు చేస్తే ఆ డబ్బు అతని నుంచి రాబట్టుకోవచ్చు. లారీ యజమాని అయితే ‘కార్డు చూశాను, నడపడం చూశాను, పెట్టుకున్నాను’ అని చెప్పుకోగలడు. పనిలో పెట్టుకునే ప్రతి డ్రైవర్ లైసెన్స్‌నూ ఆఫీసుకెళ్లి సరిచూసుకోనక్కర్లేదని 2003లో లెహ్రూ కేసులోనూ, 2023లో గీతాదేవి కేసులోనూ కోర్టు అతని పక్షానే నిలిచింది. మిగిలేది డ్రైవరు, అతని మీద క్రిమినల్ కేసు.

ఇక బండీ మీదే, దొంగ కార్డూ మీదే అయితే? యజమానికున్న ఆ అడ్డు మీకుండదు. బాధితుడి కుటుంబానికి బీమా కంపెనీ ఇచ్చిన లక్షలు మీ పొలం మీదకో, ఇంటి మీదకో రావచ్చు. పాలసీతో పాటు ప్రీమియం కట్టిన యజమాని-డ్రైవర్ ప్రమాద బీమా రూ.15 లక్షలకూ సరైన లైసెన్స్ ఉండాలన్నదే షరతు. జరగరానిది జరిగితే మీ అమ్మానాన్నలకు అదీ అందదు.

‘రెన్యువల్ చేయించేశాం కదా, అసలైనదైపోయింది’ అనే మాటా వినిపిస్తుంటుంది. 2001లోనే కమల కేసులో సుప్రీంకోర్టు ఈ దారి మూసేసింది. పుట్టుకే దొంగదైన లైసెన్స్‌కు ఆఫీసు ముద్ర పడినా అది అసలైనది కాదు.

విచిత్రమేమిటంటే, దొంగదారి పట్టించిన కారణాల్లో కొన్ని ఇప్పుడు లేవు. రవాణా వాహనానికి ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధన 2019లో పోయింది. అప్పటివరకు బడి మానేసిన మంచి డ్రైవర్లు ఏజెంట్ల చేతికి చిక్కారంటే తప్పు వాళ్లది మాత్రమే అనలేం. 2024 నవంబర్ 6న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఇంకో మేలు చేసింది. ఎల్ఎంవీ లైసెన్స్‌తోనే 7,500 కిలోల లోపు సరుకు రవాణా వాహనం నడపొచ్చని తేల్చింది. ప్రమాదకర సరుకులు మోసే బండ్లకు మాత్రం ఇది వర్తించదు. 20 ఏళ్లు నిండి ఉంటే చిన్న గూడ్స్ బండికి ఇక వేరే ముద్ర అక్కర్లేదు. భారీ వాహనానికి మాత్రం ఎల్ఎంవీ చేతికొచ్చి ఏడాది ఆగాల్సిందే. ఆ ఏడాది ఆగలేకే కొందరు తప్పటడుగు వేస్తున్నారు. దూరం నుంచి కూలి మానుకుని రెండు మూడుసార్లు ఆఫీసు చుట్టూ తిరగాల్సి రావడమూ ఒక కారణమే, దాన్ని ప్రభుత్వమే సరిచేయాలి.

గల్ఫ్ వెళ్లాలనుకునే ఉద్దానం యువకులు ఒకటి గమనించాలి. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్టుకు ఆ కోర్టు అనుమతి కావాలి. పోలీస్ క్లియరెన్స్ దగ్గరా అదే బయటపడుతుంది.

మీ జేబులో ఉన్నది అసలైనదో కాదో చూసుకోవడం తేలిక. పరివాహన్ వెబ్‌సైట్‌లో లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ కొడితే పేరు, జారీ చేసిన ఆఫీసు, ఏయే వాహనాలకు చెల్లుతుందో వచ్చేస్తుంది. పాత పుస్తకం లైసెన్స్‌లు కొన్ని ఆన్‌లైన్‌కు ఎక్కలేదు. అవి కనబడలేదని కంగారు పడకండి, జారీ చేసిన ఆఫీసులో అడగండి. కొత్త కార్డే అయినా వివరాలు రాకపోతే దాన్ని ఎవరికీ చూపించకండి. బండి పక్కన పెట్టి, ఏజెంటుపై పోలీసులకు ఫిర్యాదు చేసి, లెర్నర్ లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టండి. అది వచ్చిన 30 రోజుల తర్వాత టెస్టుకు వెళ్లొచ్చు.